నా కొలతలతో కుట్టిన యూనిఫాం

మా నాన్న పిండిమరకు తాళం వేసి, "నాలుగు రోజులు అందరం పట్నం వెళ్లొద్దాం" అన్నప్పుడే నాకు అనుమానం మొదలైంది.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నాన్న పిండిమర మూసింది రెండే సార్లు. ఒకసారి తాతయ్య పోయినప్పుడు, ఇంకోసారి బెల్టు తెగి తగిలి చెయ్యి వాచినప్పుడు. చెయ్యి వాచిన రోజు కూడా సాయంత్రానికల్లా తెరిచాడు. అలాంటి మనిషి, చలికాలం సెలవులు కదా, పిల్ల ఏమీ చూడలేదు కదా, అక్కడ భూమిలోంచి వేడినీళ్లు ఉబికే స్నానశాల ఉందట, మీ నాయనమ్మ మోకాళ్లకు మంచిదట అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నాయనమ్మ మోకాళ్ల నొప్పులు నాకంటే వయసులో పెద్దవి. ఇన్నేళ్లూ లేని జాలి వాటి మీద ఈ చలికాలమే ఎందుకు పుట్టుకొచ్చిందో నాకు అర్థం కాలేదు.

అడగలేదు. నేను అడగనని మా ఇంట్లో అందరికీ తెలుసు. బడిలో హాజరు పిలిచినప్పుడు నేను పలికింది టీచరుకు వినపడక రెండుసార్లు రానట్టు రాసేశారు. నాయనమ్మ నన్ను పిల్లికూన అంటుంది. మళ్లీ తనే, "పిల్లికూనైనా ఆకలేస్తే అరుస్తుంది, దీనికి అదీ లేదు" అని చుట్టాలకు చెబుతుంది. అడగను కాబట్టి చూస్తాను. చూసింది డైరీలో రాసుకుంటాను.

ఆ నెలలో రాసుకోవడానికి చాలా ఉంది.

మా ఊరి బడి పదో తరగతితో ఆఖరు. నేను పదిలో ఉన్నాను. ఆ తర్వాత ఏమిటన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. రెండేళ్ల కిందట ఎదురింటి అక్కకు కూడా ఎవరూ ఏమీ చెప్పలేదు. జంతువుల పార్కు చూపిస్తామని పట్నం తీసుకెళ్లి, నిజంగానే చూపించి, బయటికొచ్చాక నేరుగా హాస్టలుకు తీసుకుపోయి ట్రంకు పెట్టెతో సహా దింపేసి వచ్చారు. అక్క ఇప్పటికీ పుస్తకంలో జిరాఫీ బొమ్మ కనిపిస్తే పేజీ తిప్పేస్తుంది.

మా అమ్మ దర్జీ. ముందు గదిలో కిటికీ పక్కన మిషను. ఊళ్లో సగం మంది కొలతలు అమ్మ పుస్తకంలో ఉంటాయి. మనిషికో పేజీ, కొలిచిన తేదీతో సహా. కొలత ఎప్పుడూ పుస్తకంలోనే రాయాలని, కాగితం ముక్క మీద రాస్తే అది గాలికి పోతుందని అమ్మ నియమం. అలాంటి అమ్మ, పట్నం ప్రయాణానికి మూడు వారాల ముందు నన్ను నిలబెట్టి, భుజం, చేతి పొడవు, ఛాతీ, నడుము అన్నీ కొలిచి, పాత క్యాలెండరు కాగితం వెనక రాసుకుంది. నేను చూస్తుండగానే దాన్ని మడిచి మిషను సొరుగులో పెట్టింది.

రెండు రోజులకు ఒక పార్సిలు వచ్చింది. అందులో బూడిద నీలం రంగు గుడ్డ, తెల్ల గుండీలు, ఒక కాగితం. కాగితం అమ్మ చదివి దాచేసింది. ఆ గుడ్డతో నాలుగు జతలు కత్తిరించింది. ముందు గుండీలున్న పొడుగు చొక్కా, దానికి ప్యాంటు. నాలుగూ ఒకటే రంగు, ఒకటే కుట్టు. మొదటి దాన్ని గుండుసూదులతో నా ఒంటి మీదే సరిచూసింది.

"ఎవరికి?" అన్నాను. ఆ నెలంతటిలో నేను అడిగిన ఒకే ప్రశ్న అది.

"పట్నం ఆర్డరు" అంది అమ్మ. నోట్లో గుండుసూదులున్నప్పుడు అమ్మ ఎవరు పిలిచినా పలకదు. అప్పుడు మాత్రం పలికింది.

మర్నాడు సొరుగు తీసి చూశాను. కాగితం మీద ఉన్నవి నా కొలతలే. భుజం పద్నాలుగు, చెయ్యి ఇరవై ఒకటిన్నర. ఒకే రంగులో నాలుగు జతలు ఏ పిల్లకూ సరదాగా కుట్టరు. అది యూనిఫామే. మా బడి యూనిఫాం కాదు.

ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగినా నాకు దానికి ముడిపడినట్టే కనిపించింది. అమ్మ నాకు జడ వేయడం మానేసింది. "నువ్వే వేసుకో, అలవాటవ్వాలి" అంది. మిషను బాబిన్‌కు దారం చుట్టడం, పొయ్యి దగ్గర దేని తర్వాత ఏది పెట్టాలో చూసుకోవడం, ఉతికిన బట్టలు లెక్కపెట్టుకోవడం ఒక్కొక్కటీ నేర్పింది. నాయనమ్మ నన్ను చూసి నిట్టూర్చేది. ఒకరోజు నా తల నిమిరి, "మనిషి లేకుండా ఉండటం కూడా ఒక చదువేనే పిల్లికూనా" అంది. అమ్మ మిషను ఆపి ఆమె వైపు చూసింది. నాయనమ్మ వెంటనే కళ్లజోడు వెతుక్కోవడం మొదలుపెట్టింది. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

బస్సులో ఐదు గంటల ప్రయాణం. అమ్మ సంచీని నాన్న పైన పెట్టబోతే అమ్మ ఇవ్వలేదు, ఒళ్లోనే పెట్టుకుంది. దాని అడుగున నాలుగు జతలూ ఉన్నాయని నాకు తెలుసు, ఉదయమే చెయ్యి పెట్టి చూశాను. నాన్న దగ్గర ప్లాస్టిక్ కవరులో ఏవో కాగితాలు. నా మార్కుల కాగితాలే అయి ఉంటాయి. దారి పొడవునా నాయనమ్మ నిద్రపోయింది, నాన్న నిద్ర నటించాడు. నాన్న నిజంగా నిద్రపోతే గురక పెడతాడు.

దిగేసరికి పట్నమంతా మంచు పొగలో ఉంది. మనుషులు చేతులు జేబుల్లో పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా నడుస్తున్నారు. మేం దిగిన లాడ్జి గదిలో రెండు మంచాలు, ఒక కిటికీ, గోడకు వేడినీళ్లు పారి వెచ్చబడే ఇనుప గొట్టం. నాయనమ్మ ఆ గొట్టానికి వీపు ఆనించి కూర్చుని, "నన్నిక్కడే వదిలేయండి, మీరు తిరిగి రండి" అంది. వదిలేయడం అన్న మాట వినగానే నేను అమ్మ సంచీ వైపు చూశాను.

మర్నాడు ఉదయం నాన్న నన్ను ఒక్కదాన్నే వెంటబెట్టుకుని బస్టాండుకు నడిచాడు.

"ఇదిగో, నాలుగో నంబరు బస్సు. దీన్ని గుర్తుపెట్టుకో. ఇక్కడ ఎక్కితే సరాసరి స్నానశాల ముందే దించుతుంది. ఒక్కదానివే వచ్చినా తప్పిపోవు."

"ఒక్కదాన్నే ఎందుకొస్తాను?" అని నోటిదాకా వచ్చింది. నాన్న నా మొహం చూసి తనే జవాబు చెప్పాడు. "మాటవరసకి అంటున్నా లేవే."

పట్నంలో ఇంకా సెలవులు ఇచ్చినట్టు లేదు, దారిలో ఒక బడి గేటులోకి అమ్మాయిలు గుంపుగా వెళ్తున్నారు. ముదురు ఆకుపచ్చ యూనిఫాం. నాకు ప్రాణం లేచివచ్చింది. ఇంకో వీధిలో ఇంకో బడి, అక్కడ ఎరుపు గళ్లు. దుకాణాల అద్దాలను, మెరిసే బొమ్మలను నాన్న వేలుపెట్టి చూపిస్తుంటే నేను అమ్మాయిల బట్టల రంగులే చూశాను. బూడిద నీలం ఎక్కడా లేదు. నాన్న మాత్రం, "ఎంత శ్రద్ధగా చూస్తున్నావే" అని మురిసిపోయాడు.

ఆ మధ్యాహ్నమే స్నానశాలకు వెళ్లాం.

పాత రాతి భవనం. తలుపు తెరవగానే కాల్చిన అగ్గిపుల్లల వాసన లాంటిది ముక్కుకు కొట్టింది. భూమిలోంచి వచ్చే ఆ నీళ్ల వాసనే అదట. నాన్న మగవాళ్ల వైపు వెళ్లాడు. ఆడవాళ్ల వైపు కిటికీ దగ్గర ఒకామె మనిషికో తువ్వాలు, ఒక వదులు గౌను, మణికట్టుకు కట్టుకునే రబ్బరు పట్టీకి తగిలించిన తాళంచెవి ఇస్తోంది. నేను చెయ్యి చాచాను, చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆమె వేసుకున్నది బూడిద నీలం చొక్కా. తెల్ల గుండీలు. కాలరు అంచున రెండు వరుసల కుట్టు. అమ్మ మూడు వారాలుగా కుట్టిందే.

అయితే బడి కాదన్నమాట. హాస్టలు కూడా కాదు. నన్ను ఇక్కడ తువ్వాళ్లు ఇచ్చే పనిలో పెట్టబోతున్నారు. పదో తరగతి అయ్యేదాకా కూడా ఆగరన్నమాట. బస్సు నంబరు ఎందుకు చూపించారో, బట్టలు లెక్కపెట్టడం ఎందుకు నేర్పారో అంతా ఒక్క క్షణంలో తెలిసిపోయినట్టయింది.  నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, "చలికి గడ్డకట్టిపోయావు, పద పద, నీళ్లలో పడు" అని లాక్కెళ్లింది.

కొలను పెద్దది. మీద పొగ కమ్ముకుని అవతలి గట్టు కనిపించదు. మనుషుల తలలు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి తేలుతున్నాయి. నాయనమ్మ మెట్టుకో మాట చెప్పుకుంటూ దిగింది. మొదటి మెట్టు మీద "అబ్బో", రెండో మెట్టు మీద "ఇంత వేడా", మూడో మెట్టు మీద "ఇంట్లో రెండో బకెట్టు కాగబెట్టమంటే మీ నాన్న మొహం మాడ్చుకుంటాడు, ఇక్కడ చూడు". నీళ్లు మెడదాకా వచ్చాక కళ్లు మూసుకుని ఇక కదల్లేదు. పక్కనున్న ముసలావిడ, "ఇరవై నిమిషాలకు మించి ఉండకూడదండీ, కళ్లు తిరుగుతాయి" అంటే, "నాకు బయట ఉన్నా తిరుగుతాయి లెండి" అంది.

అమ్మ నీళ్లలోకి దిగనేలేదు. గట్టు మీద నిలబడి గోడ గడియారం చూస్తోంది. నేను చూస్తున్నానని గమనించి నవ్వింది. ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

"అత్తయ్యా, పిల్లను చూస్తూ ఉండండి. ఇప్పుడే వస్తా."

"వెళ్లు వెళ్లు, వాళ్లు ఎదురుచూస్తుంటారు" అంది నాయనమ్మ కళ్లు తెరవకుండానే. అన్నాక తెరిచింది. నన్ను చూసి మళ్లీ గట్టిగా మూసుకుంది.

"వాళ్లెవరు?" అన్నాను.

"వేడికి నా చెవులు మూసుకుపోయాయే" అంది.

నేను నీళ్లలోంచి లేచాను. గౌను తొడుక్కుని అమ్మ వెళ్లిన వైపు నడిచాను. తడి గచ్చు మీద అమ్మ చెప్పుల గుర్తులు ఇంకా ఆరలేదు. అవి సన్నటి వసారాలోకి తిరిగి, 'సిబ్బందికి మాత్రమే' అని రాసి ఉన్న తలుపు దాకా వెళ్లాయి. అలాంటి తలుపు నేను నా జన్మలో తీయలేదు. మా బడిలో స్టాఫు రూము గడప కూడా తొక్కలేదు. కానీ లోపల నన్ను గురించి మాట్లాడుకుంటున్నారు. నేను లేకుండానే నా సంగతి తేలిపోబోతోంది. అది తల్చుకుంటే గడప పెద్ద అడ్డంగా అనిపించలేదు.

తలుపు తోశాను.

గది నిండా అరలు, అరల నిండా మడతపెట్టిన తువ్వాళ్లు. కిటికీ కింద వరుసగా ఆరు కుట్టు మిషన్లు. నిలువుటద్దం ముందు మా అమ్మ నిలబడి ఉంది. ఒంటి మీద బూడిద నీలం యూనిఫాం. నడుముకు పెద్ద తాళాల గుత్తి ఉన్న ఒకావిడ అమ్మ వెనక నిలబడి కాలరు కుట్టును గోటితో లాగి చూస్తోంది.

"అది నాది" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇద్దరూ తిరిగి చూశారు. అమ్మ మొహంలో రంగు పోయింది.

"నీదేమిటి?" అంది అమ్మ.

"యూనిఫాం. నన్ను ఇక్కడ పనిలో పెట్టడానికే కదా తీసుకొచ్చారు. ఆ కొలతలు నావి. నేను సొరుగులో చూశాను."

అమ్మ నా వైపు చూసింది, తన ఒంటి మీద బట్టల వైపు చూసుకుంది, అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. తాళాల ఆవిడ మాత్రం తాపీగా, "భుజం దగ్గర ఎందుకు బిగిసిందో ఇప్పుడు తెలిసింది. మీ అమ్మాయి కొలతలతో కుట్టుకున్నారా?" అంది.

"నన్ను నేనెలా కొలుచుకుంటానండీ? చెయ్యెత్తితే భుజం మారిపోతుంది" అంది అమ్మ. "ఊళ్లో ఇంకెవరికీ టేపు పట్టుకోవడం రాదు. ఇది ఈ ఏడు నా అంత అయింది. ఈ చలికాలమంతా దీని స్వెట్టరు నేనూ, నా స్వెట్టరు ఇదీ వేసుకున్నాం. అందుకని దీన్నే నిలబెట్టి కొలిచాను."

"ఊరంతా మీకు కొలతలిస్తే, మీ కొలతలు తీసే మనిషి లేరా ఊళ్లో" అని తాళాల ఆవిడ నవ్వింది. "కుట్టు మాత్రం బాగుంది. కాజాలు చాలా బాగున్నాయి. కొత్తగా చేరే దర్జీ తన నాలుగు జతలు తనే కుట్టుకుని రావాలి, అదే మా పరీక్ష. మీరు నెగ్గారు. సాయంత్రం నాలుగు లోపల చేరేదీ లేనిదీ చెప్పండి. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు."

అప్పుడు అర్థమైంది నాకు. వదిలేసి వెళ్లేది నన్ను కాదు. వెళ్లేది అమ్మ.

ఊపిరి తేలికవ్వాలి. కాలేదు. మూడు వారాలుగా నేను భయపడుతున్నది అమ్మ లేకుండా ఉండటానికే. అదే వచ్చింది, పట్నంలో ఉండిపోయేది నేను కాక అమ్మ, అంతే తేడా.

"ఎన్నాళ్లు?" అన్నాను.

"ఎండలు ముదిరేదాకా. చలికాలమే ఇక్కడ రద్దీ. నాలుగు నెలలు." అమ్మ నా తడి జుట్టును పక్కనున్న తువ్వాలుతో తుడవబోయి, అది లెక్కలో ఉన్నదేమోనని తాళాల ఆవిడ వైపు చూసి ఆగింది. "ఊళ్లో అందరూ రెడీమేడ్ కొంటున్నారు. నా దగ్గరికి వచ్చేవి ఊడిన గుండీలు, పాడైన జిప్పులు. పోయినేడు మొత్తం మీద నేను కొత్తగా కుట్టినవి పదకొండు బట్టలు. ఇక్కడ అరవై మందికి కుట్టాలి. మిషన్లు చూడు, కరెంటువి. నాకు చేయాలని ఉంది. అవసరానికి కాదు, నాకే చేయాలని ఉంది."

అమ్మ అంత పొడుగ్గా తన సంగతి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వేం చేస్తావు? తల ఊపుతావు. ఊపి పోయి డైరీ తెరుచుకుంటావు. నీకు ఇష్టమో కాదో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ తల ఊపడం చూసి నేను బస్సెక్కలేను. అందుకే మీ నాన్న, ముందు అందరం వెళ్లి చూద్దాం, చూశాక అక్కడే చెబుదాం అన్నాడు."

ఇంతలో తలుపు దగ్గర చప్పుడు. గౌను ముందు వెనకలుగా తొడుక్కుని నాయనమ్మ నిలబడి ఉంది. మొహం ఎర్రగా ఉడికిపోయి ఉంది.

"చెప్పేశావా? అమ్మయ్య. నెల రోజుల నుంచి నా కడుపు ఉబ్బిపోతోంది."

"మీరు దాచిన సంబరం నేను చూశాన్లెండి అత్తయ్యా" అంది అమ్మ.

"నేనేమన్నాను? నేనొక్క ముక్క అన్నానా? ఏమే పిల్లికూనా, నేను నీకేమైనా చెప్పానా?"

తాళాల ఆవిడ గడియారం చూసుకుంది. "పాప ఏమంటుంది మరి? సరేనా?" అంటూ అప్పుడే సరేనన్నట్టు బల్ల మీది కాగితం అమ్మ వైపు తోసింది. పక్కన పెన్ను కూడా పెట్టింది.

ఆ తొందర నాకు నచ్చలేదు. ఆవిడ ముందు నుంచీ అన్నీ చెప్పింది గాని, అమ్మ ఎక్కడ పడుకుంటుందో చెప్పలేదు. సెలవు ఎప్పుడో చెప్పలేదు. నాలుగింటి లోపల చెప్పాలన్నది గాని, ఆ ఇద్దరూ ఎవరో చెప్పలేదు. నాకు తల ఊపాలనిపించలేదు.

"మా అమ్మ ఉండే గది చూడాలి" అన్నాను.

"గది బాగానే ఉంటుందమ్మా. పైనే."

"చూడాలి."

 తాళాల ఆవిడ గుత్తిలో ఒక తాళంచెవి వెతికి ముందు నడిచింది. రెండంతస్తులు ఎక్కాం. నాయనమ్మ మొదటి అంతస్తులో ఆగి, "నాకు మీ కళ్ల మీద నమ్మకముంది, చూసి రండి" అని మెట్టు మీదే కూర్చుంది. గదిలో మూడు మంచాలు. రెండింటి మీద ఎవరివో దుప్పట్లు. మూడోది కిటికీ కింద. కిటికీ తలుపు లాగితే చివర్న వేలు పట్టేంత సందు మిగిలిపోతోంది. అందులోంచి సన్నగా చలి. నేను ఆ సందులో వేలు పెట్టి చూపించాను.

"రేపు వడ్రంగి వస్తాడు" అంది ఆవిడ.

"ఈ మంచం మీద ఇంతకుముందు ఎవరున్నారు?"

"ఒక దర్జీ."

"ఎందుకు మానేసింది?"

ఆవిడ నన్ను మొదటిసారి సరిగ్గా చూసింది. "చలికి" అంది. తర్వాత తనే ఇంకో తాళంచెవి తీసి ఎదురు గది తెరిచింది. అది చిన్నది, కానీ కిటికీ గట్టిగా మూసుకుంటోంది. గోడకు వెచ్చటి గొట్టం ఉంది. నేను గొట్టం మీద చెయ్యి పెట్టి చూశాను. కిటికీ రెండుసార్లు మూసి తెరిచాను. తలుపు గడియ లోపలి నుంచి పడుతుందో లేదో చూశాను. అమ్మ గుమ్మంలో నిలబడి, ఎవరో తెలియని పిల్లను చూస్తున్నట్టు నన్ను చూస్తోంది.

కిందికి వచ్చేసరికి నాన్న కూడా అక్కడే ఉన్నాడు. తల తుడుచుకోకుండానే వచ్చినట్టున్నాడు, చెవుల మీంచి నీళ్లు కారుతున్నాయి. చేతిలో ఆ ప్లాస్టిక్ కవరు. అందులోవి అమ్మ ఫొటోలు, అమ్మ కాగితాలు. నా మొహం చూసి ఆయనకు విషయం తెలిసిపోయింది.

"ఏమంటావే?" అన్నాడు మెల్లగా. "నువ్వు వద్దంటే ఇప్పుడే బయలుదేరదాం. మీ అమ్మ ఆ మాట ముందే అనుకుంది."

అది నాకు న్యాయంగా అనిపించలేదు. వద్దంటే అమ్మ జీవితాంతం జిప్పులు మారుస్తుంది, నన్ను ఒక్క మాట అనదు. సరేనంటే అబద్ధమవుతుంది. ఇద్దరూ నా తల వైపే చూస్తున్నారు, అది ఎటు ఊగుతుందా అని.

"నాకు ఇష్టం లేదు" అన్నాను. అమ్మ కళ్లు దించుకుంది. "ఇష్టం లేదు. అయినా నువ్వు చేరు. నాకు ఇష్టం లేదన్న సంగతి మాత్రం నీకు తెలియాలి."

అమ్మ దగ్గరికి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది. వేళ్ల చివర్లు సూది పోట్లతో గరుగ్గా ఉన్నాయి. కొంచెంసేపటికి వదిలి, బల్ల దగ్గరికి వెళ్లి పెన్ను అందుకుంది.

"ఆగు" అన్నాను. "ముందు నాకివ్వు."

కాగితం రెండు వైపులా ఉంది. అమ్మ ముందు వైపే చూసినట్టుంది. నేను నిలబడే చదివాను, మా బడిలో పాఠం చదివినట్టు మొదటి వరుస నుంచి, వేలు పెట్టుకుని. వెనక వైపు చివర్లో చిన్న అక్షరాల్లో, సెలవులు రద్దీని బట్టి ఇవ్వబడును అని ఉంది.

"చలికాలమంతా రద్దీ అన్నారు కదా" అన్నాను. "అప్పుడు సెలవు ఎప్పుడు?"

"అది అందరికీ ఉండే మాటేనమ్మా. ఏదో సర్దుతాం."

"ఎప్పుడు?"

నాన్న గొంతు సవరించుకున్నాడు. నన్ను ఆపడానికనుకున్నాను. ఆయన కుర్చీ ఒకటి నా వెనక్కి జరిపి, "కూర్చుని అడుగు" అన్నాడు.

తాళాల ఆవిడ అమ్మతో, "మీ అమ్మాయి అసలు మాట్లాడదని చెప్పారు కదండీ" అంది.

"నాకూ అలాగే తెలుసండీ" అంది అమ్మ.

ఆవిడ కాగితం తన వైపు తిప్పుకుంది. ఆ వరుస కొట్టేసి, పైన రాసింది: రెండు వారాలకొకసారి వరుసగా రెండు రోజులు. నేను చదివాను. ఇంటికి రావడానికి ఐదు గంటలు, పోవడానికి ఐదు గంటలు. పొద్దున్నే బయలుదేరితేనే మధ్యలో ఒక రాత్రి, రెండు పూటలు మిగులుతాయి. ఎప్పుడు బయలుదేరనిస్తారన్నది అందులో లేదు.

"మొదటి రోజు పొద్దున్నే బయలుదేరనిస్తారని కూడా రాయండి" అన్నాను.

ఆవిడ రాసింది. కొట్టేసిన చోట ఆవిడ సంతకం లేదని చూపించాను. అదీ పెట్టింది. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి ఇంకోసారి మొదటి నుంచి చివరి దాకా చదివి, అప్పుడు అమ్మ ముందు పెట్టాను.